గడినుడి నెత్తిన ఆ పేరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ వచ్చే గడినుడి, అదే క్రాస్‌వర్డ్, గురించి రాస్తున్నాను. మొదటి పేజీ వార్తల మీద ఉత్తరాలు రాసేవాళ్ళు మీకు చాలామంది ఉంటారు. గళ్ళ మీద రాసేవాడు ఎప్పుడో ఒకడు తగులుతాడు. ఈసారి ఆ ఒకణ్ణి నేను.

పదిహేను రోజులుగా గడినుడి పైన ఒక నల్ల పట్టీ వేస్తున్నారు. అందులో తెల్లటి లావు అక్షరాలతో ‘నేటి ఇతివృత్తం’ అని, పక్కనే దాని పేరు. ఒకరోజు ‘నదులు’, ఒకరోజు ‘చుట్టరికాలు’, మొన్న ‘దాగిన అంకెలు’. దయచేసి ఆ పట్టీ తీసేయండి. నేను అడగదలిచింది ఇంతే. ఎందుకు తీసేయాలో చెప్పడానికి మాత్రం కాస్త ఎక్కువ చోటు పడుతుంది. మీరు కత్తిరించి వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, పూర్తిగా చదివాక కత్తిరిస్తే చాలు.

ముందు నా సంగతి. నేను ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేసిన మనిషిని. ఎదురుగా గళ్ళ బీరువా, చేతిలో ఉత్తరాల కట్ట. ఏ ఉత్తరం ఏ గడిలోకి వెళ్ళాలో కన్ను చూసేలోపు చెయ్యి విసిరేది. మామూలు ఉత్తరాల్లో సరదా ఏమీ ఉండేది కాదు. తడిసి, ఊరి పేరు చెరిగిపోయి, వీధి పేరూ ఇంటిపేరూ మాత్రం మిగిలిన ఉత్తరం వస్తే మాత్రం ఆ పూట పండగ. ఈ వీధి పేరు ఏ ఊళ్ళో ఉంది, ఆ ఇంటిపేరువాళ్ళు ఎటువైపు ఎక్కువ అని నలుగురం చేరి పట్టుకునేవాళ్ళం. ఉద్యోగం అయిపోయాక ఆ ఊరి పేరు చెరిగిన ఉత్తరం నాకు మీ గడినుడిలో దొరికింది.

నేను ఒక్కణ్ణే నింపను. మా బావగారు కూడా వేరే ఊళ్ళో అదే పేపరు, అవే గళ్ళు పట్టుకుని కూర్చుంటారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా అక్క ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ మాటలు ఆవిడ ద్వారానే నడిచేవి. ఆవిడ పోయాక ఫోన్ చేస్తే ‘బాగున్నారా’, ‘బాగున్నాను’ అయిపోయి, ఆపైన ఇద్దరం చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని గోడకేసి చూసేవాళ్ళం. ఒకరోజు ఆయనే, ‘ఇవాళ్టి గళ్ళలో పదమూడు నిలువు ఏమిటోయ్?’ అని అడిగారు. అంతే. అప్పటినుంచి రోజూ తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. జవాబు చెప్పకూడదు. సూచన ఇవ్వొచ్చు, వెక్కిరించొచ్చు, జవాబు మాత్రం నోట రాకూడదు. ఫోన్ ఎత్తగానే బావగారి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఏమోయ్, దారం దొరికిందా?’ మీరు ఇతివృత్తం అనేదాన్ని మేం దారం అంటాం. పూసలు చేతికి దొరుకుతూనే ఉంటాయి. అవన్నీ ఒకే దండలోవని తెలియడం వేరే సంగతి. ఆ క్షణం కోసమే మేం ఇతివృత్తం ఉన్న గళ్ళు నింపుతాం. ఏ సంబంధమూ లేని గళ్ళయితే ఎప్పటికి నింపినా ఒకటే, నింపకపోయినా ఒకటే.

పట్టీ లేని రోజుల్లో మీరే వేసిన ఒక గడినుడి చెబుతాను. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు గళ్ళు. ఒకటి అడ్డానికి ఆధారం ‘పులి (3)’, అంటే జవాబుకి మూడక్షరాలు. ఇంత తేలికా అనుకుని పెన్నుతో ‘బెబ్బులి’ అని రాసేశాను. (పెన్సిల్ వాడమని బావగారు మొత్తుకుంటారు. వినను.) పక్కన కుడివైపు ‘కలువల దండ (5)’. కింద ఎడమవైపు ‘సంపెంగల దండ (5)’. కింద కుడి మూలన ‘మదమెక్కిన ఏనుగు (3)’. సరిగ్గా నడిమధ్యన ఒక మూడక్షరాల మాట: ‘కొన్నిటిలో వ్యాసం, కొన్నిటిలో పాదాలు (3)’. దీనికి నేను క్షణం ఆలోచించకుండా ‘గ్రంథాలు’ అని రాశాను. కొన్ని గ్రంథాల్లో వ్యాసాలుంటాయి, కొన్నిటిలో పద్యపాదాలుంటాయి. చివరి ‘లు’ నిలువు మాటతో చక్కగా కలిసింది కూడా. తప్పు జవాబులో ఒక అక్షరం ఒప్పు కావడంకంటే ప్రమాదం గళ్ళలో ఇంకొకటి లేదు.

పులీ ఏనుగూ పూలూ కనిపించాక నాకు దారం దొరికినట్టే అనిపించింది. అడవి. తొమ్మిది ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను.

అయితే రెండు చోట్ల పీకుతోంది. ఒకటి నిలువుకి ఆధారం ‘రాతి మీద రాత (3)’. అది శాసనమని చిన్నపిల్లాడైనా చెబుతాడు. మరి నా బెబ్బులిలోని ‘బె’ని ఏం చెయ్యాలి? బెబ్బులి చివరి ‘లి’ నుంచి కిందికి ‘సంబంధం (2)’. లి-తో మొదలయ్యే సంబంధం నాకు ఒక్కటీ తెలియదు. మధ్యలో గ్రంథాలు నడుం మీదుగా కిందికి దిగే మాటకి ‘తప్పని తెలిసినా పలికే మద్దతు (3)’ అని ఆధారం. నా దగ్గరున్నది మధ్యక్షరం ‘థా’. ముందొకటి, వెనకొకటి కావాలి. గంటసేపు కూర్చుంటే నాకు తట్టిన మాట ఒక్కటే: ‘వృథాగా’. అది నా పరిస్థితి అయిందిగానీ జవాబు కాలేదు.

ఫోన్ మోగింది.

‘ఏమోయ్, దారం దొరికిందా?’

‘దొరికింది బావగారూ. అడవి.’

‘అడవిలో కలువలేమిటోయ్? చెరువులో కదా ఉంటాయి.’

‘అడవిలో చెరువు ఉండదా ఏమిటండీ?’

‘సరే, ఉందనుకో. దండలు కట్టిందెవరు? ఏనుగా?’

నాకు నోట మాట రాలేదు. నిజమే, రెండు చోట్లా దండలున్నాయి. ఏనుగూ పులీ ఉన్నచోట దండలు గుచ్చుతూ కూర్చునేదెవరు?

‘మీకు దొరికిందా మరి?’ అన్నాను.

‘నాకు మధ్యలోది దొరికింది. దానికీ పులికీ సంబంధమేమిటో తెలియడం లేదు. నువ్వు మధ్యలో ఏం రాశావో అడగను. ఒక్కటి చెప్పు. వ్యాసం అంటే ఏమిటి?’

‘పత్రికల్లో రాస్తారు. పరీక్షల్లో రాయమంటారు.’

‘ముప్పై ఏళ్ళపాటు నేను పిల్లలకి చెప్పిన వ్యాసం అది కాదోయ్. దాన్ని సగానికి విరిచి చూడు.’

సగం వ్యాసం. అర వ్యాసం. అయిదు నిమిషాలు పట్టింది నాకు. వ్యాసంలో సగం వ్యాసార్ధం. లెక్కల మాస్టారి వ్యాసం వృత్తంలో ఉంటుంది! ‘గ్రంథాలు’ కొట్టేసి ‘వృత్తాలు’ అని రాశాను. చివరి ‘లు’ అలాగే ఉంది. నిలువులో ‘థా’ పోయి ‘త్తా’ వచ్చింది. తప్పని తెలిసినా పలికేది వత్తాసు.

అప్పుడు చదివాను రెండో సగం: ‘కొన్నిటిలో పాదాలు’.

సంపాదకులవారూ, ఆ నిమిషంలో నాకు కలిగినదాన్ని మీ నల్ల పట్టీ మిగతా పాఠకులకి కలగనివ్వడం లేదు. బళ్ళో తెలుగు మాస్టారు బెత్తంతో బల్ల మీద తాళం వేస్తూ చెప్పించిన ‘మసజసతతగ’ యాభై ఏళ్ళ తర్వాత దానంతట అదే నోట్లోకి వచ్చింది. పులి బెబ్బులి కాదు, శార్దూలం. ఏనుగు మత్తేభం. కలువల దండ ఉత్పలమాల, సంపెంగల దండ చంపకమాల. నాలుగూ వృత్తాలనే పద్యాల పేర్లే. ‘శా’తో శాసనం కుదిరింది, ‘లం’తో లంకె కుదిరింది. సంబంధమంటే లంకె! దారం చివర ఉన్న చిన్న మాటకి కూడా ఆ ఆధారమే పెట్టాడంటే కూర్చినాయన గడుసువాడే.

‘బావగారూ, మీ వృత్తాలు గుండ్రంగా లేవు. నాలుగేసి పాదాలున్నాయి’ అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత పెద్దగా నవ్వారు. ‘నేను పొద్దున్నించీ ఆ పులి తోకలో సున్నా ఏమైనా దాచాడేమో అని చూస్తున్నానోయ్’ అన్నారు. ఆయనకి పద్యాలు రావు. నాకు లెక్కలు రావు. ఆ గడినుడి సరిగ్గా మా ఇద్దరి మధ్య పగిలిపోయింది, ఇద్దరం కలిస్తేగానీ అతకలేదు.

అక్కడితో ఆయన వదలలేదు. ఒక్కో వృత్తానికి పాదంలో ఎన్ని అక్షరాలుంటాయో చెప్పమన్నారు. శార్దూలానికి 19, ఉత్పలమాలకి 20, మత్తేభానికి 20, చంపకమాలకి 21 అన్నాను. ‘మొత్తం ఎనభై. సగటు సరిగ్గా ఇరవై. గళ్ళు తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. ఒక్క గడి మిగిలింది’ అన్నారు. అది మీరు ఉంచుకోండి అన్నాను. కాసేపాగి, ‘అయినా ఇతివృత్తంలో వృత్తం ఎప్పుడూ ఉండేదేగా. ఇవాళ బయటికొచ్చి కూర్చుంది, అంతే’ అన్నారు. అక్క పోయాక ఆయన అంతసేపు నవ్వడం నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు ఆ గడినుడి పైన ‘నేటి ఇతివృత్తం: ఛందస్సు’ అని పట్టీ ఉందనుకోండి. పులి అనగానే శార్దూలం. ఏనుగు అనగానే మత్తేభం. బెబ్బులి లేదు, అడవి లేదు, దండలు కట్టే ఏనుగు లేదు, వ్యాసాన్ని సగానికి విరవడమూ లేదు. అయిదు నిమిషాల పని. ఫోన్‌లో ‘అయిందా?’, ‘అయింది’.

ఊరికే అనుకోవడం కాదు. మొన్న అదే జరిగింది. ‘దాగిన అంకెలు’ అని పైన వేశారు చూడండి, అది నిజానికి చాలా మంచి గడినుడి. ‘పసివాడి ఆయుధం’ ఏడుపు. ‘భద్రం’ పదిలం. ‘నమస్కారం’ వందనం. ‘గుర్తు’ లక్షణం. నాలుగూ మూడేసి అక్షరాల మాటలే. వాటి మొదట్లో ఏడు, పది, వంద, లక్ష దాక్కున్నాయి. పైనుంచి కిందికి వస్తున్నకొద్దీ అంకె పెరుగుతుంది. ఏడుపుతో మొదలుపెట్టి లక్షణంగా ముగించాడు మహానుభావుడు! ఎంత ఓపికతో కూర్చాడో. మీరేం చేశారు? మేం నమస్కారం పెట్టకముందే మా చేతిలో వంద పెట్టేశారు. అంకెలున్నాయని ముందే తెలిశాక ‘నమస్కారం (3)’ అని చదివినవాడికి ‘ప్రణామం’ అని తప్పు రాసే అదృష్టం కూడా ఉండదు.

కూర్చేవాళ్ళ కష్టం గురించి ఒక మాట చెప్పనివ్వండి. ఇంగ్లీషు గళ్ళలో ఒక గడిలో పట్టేది ఇరవై ఆరు అక్షరాల్లో ఏదో ఒకటి. మన గడిలో పట్టేది పూర్తి అక్షరం. ఒక్క ‘క’కే గుణింతం కలిపితే పదహారు రూపాలు, ఆపైన ఒత్తులు. ‘ర్దూ’ అనే గడి ఒకటి పడిందంటే దాని మీదుగా నిలువు మాట నడిపించడం ఎవరి తరం? ‘ర్దూ’తో మొదలయ్యే మాట తెలుగులో లేదు. అందుకే ఆ రోజు శార్దూలం నడుముకింద నల్లగడి పెట్టాడు. నేను చూశాను. అయినా గళ్ళ అమరిక పేజీని తలకిందులు చేసి చూసినా ఒకేలా ఉంది. మూడక్షరాల పులికి ఎదురు మూలన మూడక్షరాల ఏనుగు, అయిదక్షరాల దండకి ఎదురుగా అయిదక్షరాల దండ, నట్టనడుమ వృత్తాలు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు గళ్ళు కూర్చిన భాష మనది. పైన ఏదో ఒక పేరు వేయాలని మీకు అంత సరదాగా ఉంటే కూర్చినవాళ్ళ పేరు వేయండి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వేయలేదు.

పట్టీ ఎందుకు పెట్టారో నేను ఊహించగలను. కొత్తవాళ్ళకి కష్టంగా ఉందని ఎవరో రాసి ఉంటారు. కొత్తవాళ్ళకి సాయం చేయవద్దని నేననను. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొట్టమొదటి గళ్ళు వేసినప్పుడు ఆయన కూడా పైభాగంలో ‘ఫన్’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాల మాట తనే నింపి ఇచ్చాడు. అప్పటికి ఆ ఆట ఎలా ఆడాలో ప్రపంచంలో ఎవరికీ తెలియదు కనుక అది న్యాయమే. ఆయన నింపింది ఒక పూస. దారం కాదు. మీరూ కావాలంటే మొదటి మాట నింపి ఇవ్వండి, ఆధారాలు ఇంకాస్త తేలిక చేయండి, ‘తల తిరిగితే తీగ (2)’ అంటే లత అని, ‘నవల చెదిరితే, అందుమూలంగా (3)’ అంటే వలన అని, ఈ తిరగేతలూ కలగాపులగాలూ ఎలా ఉంటాయో వారానికోసారి పక్కన రెండు ముక్కలు రాయండి. కొత్తవాళ్ళు తడబడేది అక్కడ. దారం వెతకడంలో కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ అని లేదు. లెక్కల మాస్టారికి కాని పని తొమ్మిదో తరగతి పిల్లకి అవుతుంది.

న్యూయార్క్ టైమ్స్ గళ్ళ గురించి మా బావగారు చెప్పిన సంగతి ఒకటుంది. వాళ్ళు సోమవారం నుంచి గురువారం దాకా ఇతివృత్తం ఉన్నవి వేస్తారట. శుక్ర, శనివారాల్లో మామూలుగా ఇతివృత్తం ఉండదు, ఆధారాలే కఠినం. ఇతివృత్తం ఉన్న ఆ రోజుల్లో కూడా పైన పేరు ఉండదు. ఆదివారం వచ్చే పెద్ద గళ్ళకి మాత్రం ఒక శీర్షిక పెడతారు. అదైనా దారాన్ని చేతికివ్వదు, మాటతో ఆడుకుంటుంది. మీరు శీర్షిక పెట్టక తప్పదంటే ఆ దారి పట్టండి. ఛందస్సు అని పెట్టకుండా ‘నాలుగు పాదాల జంతువులు’ అని పెట్టండి. పులీ ఏనుగూ చూసి మేం సరేనంటాం, దండల దగ్గరికి వచ్చేసరికి తెల్లమొహం వేస్తాం, చివర్న పాదాలంటే ఏమిటో తెలిసి తల కొట్టుకుంటాం. అంకెలవాటికి ‘మొదలుపెడితే లెక్కే’ అన్నా చాలు. ముందు మోసపోవాలి, తర్వాత అందులో అబద్ధం లేదని తెలియాలి. మంచి శీర్షిక పని అదే.

అదే పత్రికలో 1996 నవంబరు 5న, అంటే అక్కడ అధ్యక్ష ఎన్నికల రోజున, వచ్చిన గళ్ళంటే బావగారికి ప్రాణం. ఎందుకంటే కూర్చినాయన, జెరెమయా ఫారెల్, లెక్కల ప్రొఫెసర్. మధ్యలో ఒక ఆధారం: రేపటి పత్రికలో పెద్ద వార్త. జవాబు రెండు మాటలు, రెండోది ‘ఎన్నికయ్యారు’ అని. మొదటిది ఏడక్షరాల పేరు. ‘క్లింటన్’ అని రాసినా సరిపోతుంది, ‘బాబ్ డోల్’ అని రాసినా సరిపోతుంది! ఇంగ్లీషులో రెంటికీ ఏడే అక్షరాలు. ఆ ఏడు గళ్ళ మీదుగా దిగే ఏడు నిలువు మాటలూ రెండు విధాలా కుదిరేట్టు ఆధారాలు రాశాడు. ఒకచోట ఒకే ఆధారానికి పిల్లి అన్నా సరే, గబ్బిలం అన్నా సరే. రెండు మాటలకీ తేడా మొదటి అక్షరమే. ఓట్లు లెక్కపెట్టకముందే ఫలానా ఆయన్ని గెలిపించేశారేమిటని కొందరు పాఠకులు ఫోన్లు చేసి కోప్పడ్డారట. పాపం, వాళ్ళకి రెండో జవాబు కనిపించలేదు. ఆ రోజు ఆ గళ్ళ పైన ‘నేటి ఇతివృత్తం: ఎవరు గెలిచినా సరే’ అని లావు అక్షరాల్లో వేసి ఉంటే ఏమయ్యేదో మీరే చూసుకోండి.

పట్టీని చూడకుండా ఉండొచ్చు కదా అని మీరనవచ్చు. ప్రయత్నించాను. పేపరు మడిచి చూశాను. మడవడానికైనా దాన్ని ఒకసారి చూడాలి, కన్ను ఊరుకోదు. తర్వాత మా ఆవిడ ఒక ఉపాయం చేసింది. పొద్దున్నే నాకంటే ముందు పేపరు తీసి, ఆ పట్టీ మీద తెల్లకాగితం ముక్క అంటించి ఇస్తోంది. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదో రోజున, నేను ఒక ఆధారం దగ్గర తల పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా కూర్చుని ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. ఇన్నేళ్ళలో గళ్ళ జోలికి రాని మనిషి! కాగితం కింద ఏముందో తెలిసినవాళ్ళు ఎదురుగా నవ్వుతుంటే గళ్ళు నింపడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. పైగా ఆమధ్య, ‘ఏమండీ, చుట్టరికం తెలియడం లేదా?’ అని అడిగింది. ఆ రోజు ఇతివృత్తం చుట్టరికాలే.

నా సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. బావగారిది అలా కాదు. ఆయనకి చూపు బాగా తగ్గింది. భూతద్దం పెట్టుకుని, ఒక్కో ఆధారం మీద జరుపుకుంటూ చదువుతారు. కళ్ళు మండితే కాసేపు మూసుకుని మళ్ళీ మొదలుపెడతారు. మీ ఆధారాల అక్షరాలు సన్నం. మీ పట్టీ అక్షరాలు లావు. ఆ పేజీ మొత్తంలో ఆయనకి అద్దం లేకుండా కనిపించేది ఆ ఒక్క మాటే. మిగిలిన ముప్పై ఆధారాలూ కష్టపడి చదువుకోవాలి. చదవాల్సిన పని లేకుండా కళ్ళలో పడేది మాత్రం పొద్దున్నంతా కూర్చుని ఆయన వెతుక్కోవాలనుకున్నది. కాగితం అంటించి ఇచ్చే మనిషి ఆ ఇంట్లో ఇప్పుడు లేదు.

ఈ పదిహేను రోజుల్లో తొమ్మిదింటికి ఫోన్ మోగడం మానలేదు. దారం దొరికిందా అని మాత్రం ఆయన అడగడం లేదు. నిన్న ‘బాగున్నావా?’ అని మొదలుపెట్టారు.

స్కేలు పెట్టి కొలిచాను. పట్టీ ఎత్తు సెంటీమీటరున్నర, వెడల్పు గడినుడి అంత. అది తీసేస్తే ఆ చోటులో ఆధారాల అక్షరాలు కొంచెం పెంచవచ్చు. ఎంత పెరుగుతుందో మీ పేజీ పెట్టేవాళ్ళకి నాకంటే బాగా తెలుస్తుంది. జవాబులు మర్నాడు వేసే పద్ధతి మాత్రం మార్చకండి, అదే పేజీలో తలకిందులుగా వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి.

ఇట్లు,
మీ గళ్ళ పాఠకుడు

తా.క. ‘కలెక్టర్’ లాంటి మాటల్లో చివరి ‘ర్’కి ఒకరోజు సొంత గడి ఇస్తున్నారు, ఇంకోరోజు ముందు అక్షరం ఒళ్ళో కూర్చోబెడుతున్నారు. ఏదో ఒకటి ఖాయం చేయండి. సొంత గడి ఇవ్వడమే నయమని నేనంటాను, ఒళ్ళో కూర్చోబెట్టమని బావగారంటారు. దీని మీద మా ఇద్దరికీ రాజీ కుదరలేదు.